మధ్యాహ్నం మాత్రమే మినుకుమనే లైటు: ఒక ఇన్వర్టర్ ఏసీ కేసు

విశాఖపట్నంలో బీచ్‌కు దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్32 గ్యాస్, కొని ఐదేళ్లు దాటింది. మే నెలలో ఏసీ రిపేర్లు చేసే నాకు ఫోన్ వచ్చింది. ఇండోర్ యూనిట్ మీద పచ్చలైటు మినుకుమినుకుమంటోంది, ఆ వెంటనే చల్లదనం ఆగిపోతోంది. ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్) దించి మళ్లీ వేస్తే మామూలుగా నడుస్తోంది. అంతకుముందు వచ్చిన మెకానిక్ గ్యాస్ తక్కువైందని చెప్పి ఎక్కించారు. ఫలితం లేదు. తర్వాత బయట ఉండే అవుట్‌డోర్ యూనిట్‌లోని మెయిన్ ఎలక్ట్రానిక్ బోర్డు మార్చారు, బిల్లు 13,500 రూపాయలు. మూడు రోజులు బాగానే నడిచి నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ అదే లైటు. ఇప్పుడు ఇండోర్ బోర్డు కూడా మార్చాలంటున్నారని, ఇంకో ఆరు వేలు అవుతుందని ఇంటావిడ చెప్పారు.

ఆవిడ రిటైర్డ్ టీచర్. "బాబూ, ఒక బోర్డు మార్చాం, ఇంకోటి మార్చమంటున్నారు. ఆ తర్వాత కంప్రెసర్ అంటారేమో. అసలు ఆ లైటు ఏం చెబుతోందో మాకు ఎవరూ చెప్పట్లేదు" అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే. లైటు మినుకుమన్నా, డిస్‌ప్లేలో కోడ్ వచ్చినా, అది బోర్డు ఏం గమనించిందో మాత్రమే చెబుతుంది. ఏ పార్టు పాడైందో చెప్పదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలతలతో దాటాలి. కొలవకుండా దాటితే ఆ ఖర్చు ఇంటివాళ్ల మీద పడుతుంది.

ఫోన్‌లో అడిగినవి

ఇలాంటి ఫిర్యాదు వస్తే కోడ్ ఏంటని అడగడానికి ముందు నేను అడిగేది "ఎప్పుడు వస్తోంది?" అని. ఆన్ చేయగానే వస్తోందా, పది నిమిషాలు నడిచాక వస్తోందా, వాన పడినప్పుడా, కరెంటు పోయి వచ్చినప్పుడా? పార్టు పూర్తిగా చచ్చిపోతే తప్పు ప్రతిసారీ వస్తుంది. అప్పుడప్పుడూ వచ్చే తప్పుకు మాత్రం ఒక టైము, ఒక కారణం ఉంటాయి.

మేడమ్ గారు లైటు వచ్చిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద టైము రాసి పెట్టారు. ఆ ఫోటో పంపమన్నాను. అన్నీ మధ్యాహ్నం 12 నుంచి 4 లోపే ఉన్నాయి. రాత్రిపూట ఒక్కటీ లేదు. ఏసీ పెట్టగానే రావడం లేదు, పావుగంటో ఇరవై నిమిషాలో నడిచాక వస్తోంది. మధ్యాహ్నాలు ఎంతలో పెడతారని అడిగితే, బాగా వేడిగా ఉంటే 18, మామూలుగా అయితే 26 అన్నారు. 26లో పెట్టిన రోజు లైటు వచ్చిందా అంటే కాస్త ఆలోచించి, గుర్తున్నంతవరకు రాలేదన్నారు. బోర్డు మార్చాక బాగున్న ఆ మూడు రోజులూ మబ్బు పట్టి ఉందని కూడా చెప్పారు.

సగం కేసు ఈ మాటల్లోనే ఉంది. రాత్రి 26 డిగ్రీల్లో ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) నెమ్మదిగా తిరుగుతుంది, రెండు రెండున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. మే నెల మధ్యాహ్నం 18లో పెడితే పూర్తి వేగంతో తిరుగుతూ ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే తప్పు గడియారాన్ని బట్టి కాక లోడ్‌ను బట్టి వస్తోంది. లోడ్ పెరిగితే బయటపడేవి కొన్ని ఉన్నాయి: వోల్టేజ్ తక్కువ కావడం, లూజ్ జాయింట్, అవుట్‌డోర్ కాయిల్‌కు గాలి ఆడకపోవడం, గ్యాస్ ఎక్కువ కావడం. బోర్డులో సోల్డర్ (పార్టులను అతికించే లోహం) పగిలి ఉన్నా వేడెక్కినప్పుడే బయటపడుతుంది కాబట్టి బోర్డు అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ దాని మీదకు వెళ్లడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

లైటు వీడియో కూడా పంపమన్నాను. దీన్ని ఏసీ ఉన్న ప్రతి ఇంట్లోనూ గుర్తుపెట్టుకోవాలి. లైటు మినుకుమనడం మొదలవగానే మనవాళ్లు చేసే మొదటి పని ఎంసీబీ దించడం. దాంతో ఆ సమాచారం పోతుంది. కొన్ని మోడళ్లు చివరి కోడ్‌ను దాచుకుంటాయి, కొన్ని దాచుకోవు. ముందు నిమిషం పాటు ఫోన్‌లో వీడియో తీసి, ఆ తర్వాత ఆపండి.

లైట్ల భాష

మినుకుమనే ప్రతి లైటూ తప్పు కాదు. కరెంటు వచ్చినప్పుడు లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరడం మామూలే. ఆపి వెంటనే వేస్తే కంప్రెసర్ మూడు నిమిషాల దాకా మొదలు కాదు. లోపల ప్రెజర్లు సమానం కావడానికి బోర్డే ఆపి ఉంచుతుంది. ఆరెంజ్ లైటు నిలకడగా వెలిగితే చాలా మోడళ్లలో టైమర్ పెట్టారని అర్థం. ఫిల్టర్ శుభ్రం చేయమని గుర్తు చేసే లైటు కొన్నింటిలో ఉంటుంది. జాలీలు కడిగి రీసెట్ నొక్కితే అది పోతుంది. ఎల్‌జీ డిస్‌ప్లేలో పీఓ అని కనిపిస్తే జెట్ కూలింగ్ మోడ్ నడుస్తోందని అర్థం. దాన్ని ఎర్రర్ అనుకుని సర్వీస్ కాల్ పెట్టేవాళ్లున్నారు.

అసలైన ఎర్రర్‌ను ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా చూపిస్తుంది. డైకిన్‌లో రిమోట్ మీద క్యాన్సిల్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మీద 00 మినుకుమంటుంది. ఆ తర్వాత అదే బటన్‌ను ఒక్కోసారి నొక్కుతూ పోతే కోడ్‌లు మారుతుంటాయి, సరైన కోడ్ దగ్గర ఇండోర్ పొడవుగా బీప్ ఇస్తుంది. పానసోనిక్‌లో టైమర్ లైటు మినుకుమంటే రిమోట్‌లోని చెక్ బటన్‌తో ఇలాగే వెతకాలి. ఓ జనరల్‌లో రిమోట్ అక్కర్లేదు, లైట్లే అంకెలు చెబుతాయి. ఆపరేషన్ లైటు పదుల స్థానం, టైమర్ లైటు ఒకట్ల స్థానం. ఒకసారి అది, ఒకసారి ఇది వెలిగితే 11. లెక్కపెట్టేటప్పుడు మధ్యలో వచ్చే పొడవైన విరామం నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే ఐదును నాలుగుగా లెక్కించి వేరే కోడ్ పట్టుకుని తిరుగుతాం. వీడియో ఉంటే ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

అవుట్‌డోర్ బోర్డు మీద కూడా చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. అక్కడ లెక్క వేరు. డైకిన్ అవుట్‌డోర్ బోర్డు మీది పచ్చ ఎల్‌ఈడీ మినుకుమంటూ ఉంటే అది ఆరోగ్యం. ఆరిపోయినా, కదలకుండా వెలుగుతూ ఉన్నా అనుమానించాలి. ఈ తేడా తెలియక బాగున్న బోర్డును తప్పుపట్టిన సందర్భాలు చూశాను.

మేడమ్ గారి ఏసీలో లైటును కోడ్‌గా మార్చి చూస్తే వచ్చింది కమ్యూనికేషన్ ఎర్రర్. అంటే ఇండోర్ బోర్డుకూ అవుట్‌డోర్ బోర్డుకూ మధ్య మాట తెగింది. డైకిన్‌లో దీన్నే యూ4 అంటారు, పానసోనిక్‌లో హెచ్11, ఎల్‌జీలో సీహెచ్05, ఓ జనరల్‌లో ఇందాక చెప్పిన 11. పేర్లు వేరైనా విషయం ఒకటే.

ఇక్కడ గ్యాస్ సంగతి తేల్చుకోవాలి. గ్యాస్ తక్కువైతే వచ్చే కోడ్‌లు వేరే ఉన్నాయి, డైకిన్‌లో యూ0 అలాంటిది. కమ్యూనికేషన్ కోడ్‌కు గ్యాస్ ఎక్కించడానికి ఏ సంబంధమూ లేదు. లైటును చదవకుండా, చల్లదనం తగ్గింది కాబట్టి గ్యాస్ అనుకున్నారు.

నాలుగు తీగలు

ఇండోర్ నుంచి అవుట్‌డోర్‌కు నాలుగు తీగల కేబుల్ వెళుతుంది: ఫేజ్, న్యూట్రల్, సిగ్నల్, ఎర్త్. ఈ ఏసీలో కరెంటు ముందు ఇండోర్‌కు వచ్చి, ఆ కేబుల్ మీదుగానే అవుట్‌డోర్‌కు పోతుంది. రెండు బోర్డుల సంభాషణ సిగ్నల్ తీగ మీద చిన్న డీసీ పల్స్‌ల రూపంలో నడుస్తుంది. గది వేడి ఎంత, ఎంత వేగంతో తిరగాలి అని ఇండోర్ అంటుంది. కంప్రెసర్ ఈ వేగంలో ఉంది, పైపు ఇంత వేడిగా ఉంది అని అవుట్‌డోర్ జవాబిస్తుంది. కొంతసేపు సరైన జవాబు రాకపోతే ఇండోర్ మెషీన్‌ను ఆపి లైటు వెలిగిస్తుంది.

ఏ కరెంటయినా వెళ్లడానికొకటి, రావడానికొకటి, రెండు తీగలు కావాలి. చాలా మోడళ్లలో సిగ్నల్‌కు తిరుగు దారి న్యూట్రలే. కంప్రెసర్ లాగే ఏడు ఆంపియర్లు ఏ న్యూట్రల్ మీద తిరిగి వస్తాయో, ఆ బలహీనమైన సిగ్నల్ కూడా దాన్నే ఆధారంగా చేసుకుంటుంది. ఈ కేసు మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడింది.

కమ్యూనికేషన్ కోడ్ వచ్చే దారులు నా అనుభవంలో ఇవి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇండోర్‌లో ఒక నంబరుకు పెట్టిన తీగను అవుట్‌డోర్‌లో ఇంకో నంబరుకు పెట్టడం. ఇది మొదటి రోజే తెలిసిపోతుంది. అవుట్‌డోర్ బోర్డు మీద ఫ్యూజ్ పోయి బోర్డుకు ప్రాణమే లేకపోవడం. అప్పుడు ఎల్‌ఈడీ ఏదీ వెలగదు. బల్లి, చీమలు బోర్డు మీద చేరి షార్ట్ చేయడం. వానాకాలంలో ఇది ఎక్కువ. టెర్మినల్ స్క్రూ లూజ్ కావడం, ఎలుక కేబుల్ కొరకడం. అన్నీ చూశాక చిట్టచివర బోర్డు. బోర్డులు పోవా అంటే పోతాయి, పిడుగులు పడిన వారంలో వరసగా పోతాయి. కానీ అలా పోయిన బోర్డు రాత్రంతా బాగా నడిచి మధ్యాహ్నం మాత్రం ఎర్రర్ ఇవ్వడం అరుదు.

కొలతలు

మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే వెళ్లాను. తప్పు కనిపించే టైముకే వెళ్లాలి. పొద్దున పదింటికి వెళ్లి అంతా బాగుందని చెప్పి రావడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ముందు గ్యాస్ అనుమానం తీర్చేశాను. గదిలో గాలికీ గ్రిల్‌లోంచి వచ్చే గాలికీ మధ్య 12 డిగ్రీల పైనే తేడా ఉంది, రెండు పైపుల మీదా చెమట సమానంగా ఉంది. గ్యాస్ తక్కువైన లక్షణాలు లేవు. ప్రెజర్ గేజ్ పెట్టడం రెండో మాట. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగాన్ని బట్టి సక్షన్ ప్రెజర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి) పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, గేజ్ ముల్లు ఒక్కటే చూసి గ్యాస్ ఎక్కువా తక్కువా అని తేల్చకూడదు.

తర్వాత వోల్టేజ్. రెండు మీటర్లు పెట్టాం. ఒకటి ఇండోర్ టెర్మినల్ దగ్గర, ఒకటి అవుట్‌డోర్ టెర్మినల్ దగ్గర, ఫేజ్‌కు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్. 26లో పెట్టినప్పుడు కరెంటు 2.4 ఆంపియర్లు, ఇండోర్‌లో 228 వోల్టులు, అవుట్‌డోర్‌లో 225.5. రిమోట్‌లో 18 పెట్టి ఆగాం. కరెంటు మెల్లగా పెరిగి 7.1కి చేరింది. ఇండోర్‌లో 224, అవుట్‌డోర్‌లో 217.

224 అంటే ఇంటికి వచ్చే సరఫరా బాగానే ఉంది, స్టెబిలైజర్ తప్పు లేదు. ఏడు వోల్టులు పోతున్నది ఇండోర్‌కూ అవుట్‌డోర్‌కూ మధ్యన. ఆ కేబుల్ ఆరు మీటర్లు, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ. అలాంటి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌ల రెసిస్టెన్స్. పోను ఆరు, రాను ఆరు, మొత్తం 12 మీటర్లకు 0.145 ఓమ్. దాని మీద 7.1 ఆంపియర్లు పారితే పోవాల్సింది ఒక వోల్టు. ఏడు పోతోందంటే మిగతా ఆరు వోల్టులను దారిలో ఏదో తినేస్తోంది.

ఏ తీగలో పోతోందో తేల్చడానికి పొడవాటి టెస్ట్ వైరు ఒకటి తీసుకుని, ఒకే తీగ రెండు చివరలకూ మీటరు పెట్టాను. ఫేజ్ తీగ మీద 1.5 వోల్టులు. న్యూట్రల్ మీద 5.5. తీగకు సహజంగా పోయే అర వోల్టు తీసేస్తే న్యూట్రల్ మీద ఒక్క చోటే ఐదు వోల్టులు పోతున్నాయి. ఐదు వోల్టులు, ఏడు ఆంపియర్లు అంటే 35 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్ ఒకదాన్ని ఆన్ చేసి టేప్ చుట్టి గోడ మీద వదిలేసినట్టు.

సిగ్నల్‌ను కూడా చూశాం. ఎస్ (సిగ్నల్) టెర్మినల్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మీటరును డీసీ వోల్టేజ్‌లో పెడితే, మాట బాగా నడుస్తున్నప్పుడు మీటరులో అంకెలు ఒక చోట నిలవవు, పైకీ కిందకీ ఆడుతూ ఉంటాయి. 26లో బాగానే ఆడాయి. 18లో కాసేపటికి తడబడ్డాయి, ఒకచోట ఆగాయి, ఆ తర్వాత కొద్దిసేపట్లో పచ్చలైటు మొదలైంది. బయట టెర్మినల్ దగ్గర కూర్చుని ఆ అంకెలు ఆగిపోవడం చూడటం చాలా అవసరం. అది చూశాక ఊహతో పని లేదు.

ఒక హెచ్చరిక. ఈ కొలతలు ఇంటివాళ్లు చేయాల్సినవి కావు. ఇన్వర్టర్ అవుట్‌డోర్ బోర్డులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిలవ ఉంటుంది. ఎంసీబీ దించాక కూడా కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది. నేను కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే బోర్డు మీద చెయ్యి పెడతాను. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదట నేర్పేది కూడా అదే.

జాయింట్ ఎక్కడ?

టెర్మినల్ స్క్రూలు రెండు వైపులా బిగుతుగా ఉన్నాయి. తీగ రంగులు కూడా సరిగ్గానే ఉన్నాయి. మరి మధ్యలో ఏముంది? మేడమ్ గారిని అడిగాను, ఈ అవుట్‌డోర్ మొదటి నుంచీ ఇక్కడే ఉందా అని. కాదట. రెండేళ్ల క్రితం బిల్డింగుకు రంగులు వేసినప్పుడు బాల్కనీలోంచి తీసి బయటి గోడకు స్టాండ్ కొట్టి పెట్టారట. రాగి పైపు చాలక ముక్క కలిపి బ్రేజింగ్ చేశారు, అంటే మంటతో అతికారు. పైపు చాలలేదంటే కేబుల్ కూడా చాలలేదు.

పైపులు, డ్రెయిన్ పైపు, కేబుల్ అన్నీ కలిపి తెల్ల టేపుతో చుట్టేసి ఉన్నాయి. టేపు మెల్లగా విప్పుకుంటూ వస్తే అవుట్‌డోర్ వెనక, గోడకు ఆనుకుని జాయింట్ దొరికింది. నాలుగు తీగలనూ చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టారు. నాలుగు మెలికలూ ఒకే చోట పక్కపక్కన ఉన్నాయి. టేప్ జిగురు కరిగి కారిపోయింది. రాగి తీగ మీద పచ్చగా చిలుము పట్టింది. న్యూట్రల్ మెలిక నల్లబడి, దాని తొడుగు రెండు అంగుళాల మేర గోధుమ రంగుకు తిరిగి పెళుసెక్కిపోయింది, వేలితో నొక్కితే విరిగింది.

విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది. బీచ్ పక్క ఇళ్లలో అవుట్‌డోర్ ఫిన్‌లు (కాయిల్ మీది పలచని రేకులు) రెండేళ్లకే పొడిలా రాలడం చూస్తూనే ఉంటాం. అదే గాలి సరిగా మూయని జాయింట్‌లోకీ వెళుతుంది. చిలుము పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కుతుంది, వేడికి మెలిక వదులవుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. ఈ చక్రం మొదలైతే ఆగదు. ఇక్కడ అది ఎర్రర్ కోడ్ దగ్గర ఉంది. ఇంకొన్నాళ్లు అలాగే ఎంసీబీ దించుతూ వేస్తూ నడిపి ఉంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఏడు ఆంపియర్లే కాబట్టి ఎంసీబీ దానంతటది పడదు. ఓవర్‌లోడ్, షార్ట్ మాత్రమే దానికి తెలుస్తాయి, జాయింట్ కాలిపోతున్న సంగతి తెలియదు. ఆ పచ్చలైటు ఆ ఇంటికి చేసిన మేలు చాలా పెద్దది.

జాయింట్ దొరికింది కదా అని అక్కడితో ఆపలేదు, రుజువు చేయాలి. ముందు సిగ్నల్ తీగ ఒక్కదాన్నే పాత కేబుల్ నుంచి తప్పించి, కొత్త తీగతో నేరుగా కలిపాం. 18లో పెట్టి చూస్తే ఎర్రర్ కాస్త ఆలస్యంగానైనా వచ్చింది. తర్వాత నాలుగు తీగలనూ తాత్కాలికంగా కొత్త కేబుల్ మీదకు మార్చి, బాల్కనీ కమ్మీ మీదుగా వేలాడదీసి నడిపాం. ఆ మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా 18లోనే నడిచింది. అంకెలు ఆడుతూనే ఉన్నాయి, లైటు మినుకుమనలేదు. దీంతో సిగ్నల్ తీగ జాయింట్ కంటే న్యూట్రల్ జాయింటే అసలు కారణమని తేలింది. న్యూట్రల్ ఐదు వోల్టులు అటూ ఇటూ ఊగుతుంటే, లూజ్ మెలికలో చిన్న చిన్న నిప్పురవ్వల గోల తోడైతే, దాన్ని ఆధారం చేసుకున్న సిగ్నల్ అవతలి బోర్డుకు అర్థమయ్యే రూపంలో చేరలేదు.

చేసిన పని

జాయింట్ లేకుండా ఒకే ముక్కగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫోర్ కోర్ కేబుల్, ఏడు మీటర్లు వేశాం. తీగల చివరలకు లగ్‌లు (లోహపు కొసలు) నొక్కి బిగించాం. వాన నీరు కేబుల్ వెంట కారి టెర్మినల్ బాక్సులోకి వెళ్లకుండా, లోపలికి దూరే ముందు కేబుల్‌ను కిందికి వంచి పైకి తెచ్చాం. ఎండకు తట్టుకునే పైపులో వేసి క్లాంపులు కొట్టాం. ఏడు ఆంపియర్ల దగ్గర మళ్లీ కొలిస్తే ఇండోర్‌లో 224, అవుట్‌డోర్‌లో 223.2. లెక్క ప్రకారం రావాల్సింది కూడా అంతే.

గ్యాస్ సంగతి మిగిలి ఉంది. ముందు వచ్చిన మెకానిక్ తూకం లేకుండా ఎక్కించారు. యూనిట్ ప్లేట్ మీద రాసి ఉన్నది 850 గ్రాములు. లోపలి గ్యాస్‌ను సిలిండర్‌లోకి రికవరీ చేసి తూస్తే 1,010 వచ్చింది. ఎక్కువ గ్యాస్ ఉంటే అవుట్‌డోర్‌లో ప్రెజర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అంటే ఆ గ్యాస్ రోగాన్ని తగ్గించకపోగా చెడిన న్యూట్రల్ మీద భారం పెంచింది. వాక్యూమ్ పెట్టి, ప్లేట్ మీద ఉన్నంతే తూకంతో ఎక్కించాం. అదే ఎండలో, అదే 18లో కరెంటు 7.1 నుంచి 6.5కు దిగింది. ఆర్32కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి, గ్యాస్ ఉండగా ఆ లైను దగ్గర మంట వెలిగించకూడదు. ఈ మాట ప్రతి చోటా చెబుతాను.

కేబుల్, పైపు, గ్యాస్ పని, కూలీ అన్నీ కలిపినా బిల్లు ముందు బోర్డు మార్చడానికి పెట్టిన ఖర్చులో సగం కూడా కాలేదు.

పాత బోర్డు

మేడమ్ గారు విప్పిన పాత బోర్డును మెకానిక్‌కు ఇవ్వకుండా ఇంట్లోనే దాచారు. పార్టు మార్చిన ప్రతి ఇంట్లో ఇలాగే చేయాలి. డబ్బు మీది, మార్చిన పార్టు కూడా మీదే. దాన్ని తెమ్మని అడిగి, పదినిమిషాలు ఆగి, కెపాసిటర్లు చూసుకుని, కొత్త బోర్డు విప్పి పాతది బిగించాను. కొత్త కేబుల్ మీద వరసగా కొన్ని మండుటెండ మధ్యాహ్నాలు 18లో నడపమన్నాను. మేడమ్ గారు క్యాలెండర్ మీద రాస్తూ వచ్చారు. ఒక్క ఎర్రర్ రాలేదు. పాత బోర్డుకు మొదటి నుంచీ ఏ రోగమూ లేదు. ఇండోర్ బోర్డు మార్చమన్న మాట కూడా అక్కడితో పోయింది.

పాత బోర్డునే ఉంచేశాం. 13,500 పెట్టిన కొత్త బోర్డును ప్యాక్ చేసి ఆవిడకు ఇచ్చాను, పక్క బెడ్‌రూంలో కూడా అదే మోడల్ ఏసీ ఉంది కాబట్టి ఎప్పటికైనా పనికొస్తుంది.

ఆ పక్క బెడ్‌రూం అవుట్‌డోర్ కూడా రంగులప్పుడు అదే రోజు, అదే మనుషులు మార్చినదే. దానికి ఇంతవరకు ఏ లైటూ రాలేదు. అయినా పూర్తి లోడ్‌లో కొలిస్తే రెండు చివరల మధ్య మూడు వోల్టుల తేడా కనిపించింది. టేపు విప్పితే అదే రకం మెలిక, అదే చిలుము, ఇంకా నల్లబడలేదంతే. మేడమ్ గారు ఇంకో మాట లేకుండా దానికీ కేబుల్ మార్చేయమన్నారు. రెండు అవుట్‌డోర్‌ల మూతల లోపల మార్కర్‌తో కేబుల్ సైజు, వేసిన నెల, పూర్తి లోడ్‌లో వచ్చిన వోల్టేజ్, ఎక్కించిన గ్యాస్ తూకం రాసి మూసేశాను. తర్వాత ఏ మెకానిక్ మూత తీసినా ముందు ఆ అంకెలతో పోల్చుకుని, ఆ తర్వాతే పార్టుల జోలికి వెళ్లవచ్చు.